ఆ అర సెకను ఎవరు చూస్తారు?

అందరికీ నమస్కారం. ఏఐ వచ్చాక మా ఉద్యోగాలు ఉంటాయా అని మీలో చాలామందికి టెన్షన్. ఆ సంగతికే వస్తాను. ముందు ఒక అర సెకను గురించి చెప్పాలి.

2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద స్పీడ్ టెస్టులు చేస్తున్నాడు. ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి భద్రంగా వెళ్లే పద్ధతితో, లాగిన్ అవడానికి ఎప్పటికంటే అర సెకను ఎక్కువ పడుతోంది. మనమైతే మెషీన్ స్లోగా ఉందిలే అని వదిలేస్తాం. ఆయన వదల్లేదు. తవ్వుకుంటూ పోతే, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న టూల్‌లో దొంగదారి బయటపడింది. టెస్ట్ ఫైళ్ల ముసుగులో దాచిన కోడ్ అది. దాన్ని పెట్టినవాడు సర్వర్‌లో ఏ కమాండైనా నడపగలడు. మార్చి 29న ఫ్రాయిండ్ ఆ విషయం బయటపెట్టేసరికే ఆ కోడ్ డెబియన్, ఫెడోరా అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ల టెస్టింగ్ వెర్షన్లలోకి చేరిపోయింది.

అసలు అది లోపలికి ఎలా వచ్చింది? ఎక్స్‌జెడ్‌ని ఏళ్ల తరబడి చూసుకున్నది లాసె కాలిన్ అనే ఒకే ఒక్క మనిషి. జీతం లేదు. 2022 జూన్‌లో ఆయనే రాశాడు: చాలాకాలంగా మానసికంగా బాగోలేదని, ఇది డబ్బులు రాని హాబీ ప్రాజెక్టని. అయినా ‘ఇంత ఆలస్యమా, వేరేవాళ్లకి అప్పగించు’ అని కొందరు వెంటపడ్డారు. వాళ్లూ కుట్రలో భాగమేనని చాలామంది అనుమానం. అప్పటికే జియా టాన్ అనే పేరుతో ఒకరు ఓపిగ్గా ప్యాచ్‌లు, అంటే కోడ్‌కి చిన్న చిన్న సవరణలు, పంపుతున్నారు. అలసిపోయిన మనిషి ఆ సాయాన్ని నమ్మాడు. దొంగదారి వచ్చింది ఆ పేరు మీదే. నాకు ఈ కథలో కోడ్ కంటే ఆ అలసటే ఎక్కువ బాధనిపిస్తుంది.

ఇందులో మన పిల్లలకీ ఒక లింకుంది. 2024లోనే, వెబ్‌సైట్లు కట్టడానికి వాడే ఎక్స్‌ప్రెస్ అనే ప్రాజెక్టుకి పుల్ రిక్వెస్టులు, అంటే ‘నా మార్పు కలుపుకోండి’ అనే అభ్యర్థనలు, వరదలా వచ్చిపడ్డాయి. ఒక ట్యుటోరియల్ వీడియోలో ఆ ప్రాజెక్టునే ఉదాహరణగా చూపించారు. దాంతో విద్యార్థులు, ఎక్కువమంది మన దేశం వాళ్లే, ప్రాజెక్టు గురించి చెప్పే రీడ్‌మీ ఫైల్‌లో తమ పేరు రాసి పంపేశారు. చెడు ఉద్దేశం లేదు, నేర్చుకుందామనే. కానీ వాటిని ఒక్కొక్కటే తెరిచి మూసేవాళ్ల సాయంత్రాలు ఏమైపోవాలి?

ఏఐతో ఆ భారం ఇంకా పెరిగింది. అంకెల్ని తెలుగు మాటల్లోకి మార్చే చిన్న లైబ్రరీ, అంటే వేరేవాళ్లు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే రెడీమేడ్ కోడ్, ఒకటి నేను నడుపుతున్నాను. నిరుడు దానికో బగ్ రిపోర్ట్ వచ్చింది. చక్కటి భాష, నంబర్లేసిన స్టెప్పులు, ఫలానా ఫంక్షన్‌లో మెమరీ లీకవుతోందని. పిల్లల్ని పడుకోబెట్టి కూర్చుని రాత్రి పన్నెండు దాకా వెతికాను. ఆ పేరుతో ఫంక్షనే లేదు! పంపిన అబ్బాయిని అడిగితే, ‘సారీ అన్నా, ఏఐ చెప్పింది, నేను చూడలేదు’ అన్నాడు. నాది చిన్న లైబ్రరీ. ఇంటర్నెట్‌లో డేటా పంపడానికి, తెచ్చుకోవడానికి వాడే కర్ల్ అనే టూల్ మీ ఫోన్లలో కూడా ఉంటుంది. దానికి ఇలాంటివి ఎన్నో వచ్చాయి. చివరికి దాన్ని నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్ బృందం, బగ్ పట్టినవాళ్లకి డబ్బులిచ్చే పథకాన్నే 2026 జనవరి చివర ఆపేసింది.

ఏఐ వాడొద్దని నేననను, నేనూ రోజూ వాడతాను. రాయడం దానికి నిమిషం పని. రాసినదాన్ని కూర్చుని చదివి, ఇది తప్పు అని చెప్పగలిగే మనిషి దొరకడమే కష్టంగా ఉంది. ఉద్యోగాల గురించి నా నమ్మకం కూడా అదే: ఫ్రాయిండ్‌లా అర సెకను దగ్గర ఆగేవాళ్లకి పని తగ్గదు. కాబట్టి మీరు చదవని లైను ఒక్కటి కూడా ఇంకొకరికి పంపకండి. కంపెనీలు పెట్టబోయేవాళ్లు మీలో ఉంటే, మీరు వాడే లైబ్రరీల వాళ్లకి మొదటి నెల నుంచే ఎంతో కొంత పంపండి.

ఇవాళ ల్యాబ్‌లో ఒక పని చేద్దాం. మీ ప్రాజెక్టులో నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ తెరవండి, మీరు వాడే లైబ్రరీలన్నీ అందులోనే ఉంటాయి. మీరెప్పుడూ పేరు వినని లైబ్రరీ ఒకటి తీయండి. ఎవరు రాశారో, చివరిసారి ఎప్పుడు మార్చారో చూసి, ఒక్క ఫైల్ మొదట్నుంచి చివరిదాకా చదవండి. అర్థం కాకపోతే నన్ను పిలవండి, ఏడింటిదాకా అక్కడే ఉంటాను.