మూత్రాశయ క్యాన్సర్: కొత్త మందుల కంటే ముందు చూడాల్సింది

అందరికీ నమస్కారం. మూత్రాశయ క్యాన్సర్‌కి వచ్చిన కొత్త మందుల గురించి చెప్పమన్నారు. చెబుతాను. అంతకంటే ముందు పాథాలజీ రిపోర్టులో ఒక్క మాట కోసం వెతకాలి: కండరం.

నలుగురు రోగుల్లో సుమారు ముగ్గురికి, జబ్బు బయటపడే నాటికి గడ్డ మూత్రాశయ గోడలోని కండరం దాకా పాకి ఉండదు. మూత్రం బయటికొచ్చే దారి గుండా పరికరం పంపి దాన్ని గీకి తీస్తారు. తీసిన ముక్కల్లో కండరమే లేకపోతే, అందులోకి పాకిందో లేదో పాథాలజిస్టు ఎలా చెప్పగలరు? ‘కండరం కనిపించలేదు’ అన్న రిపోర్టును ‘కండరంలో లేదు’ అని చదువుకుని సంతోషించడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. అలాంటప్పుడూ, హైగ్రేడ్ టీ1 గడ్డ (లోపొర దాటినా కండరం చేరని, దూకుడుగా పెరిగే రకం) అయినప్పుడూ, 2 నుంచి 6 వారాల్లో మళ్లీ గీకి చూడాలి.

తర్వాత బీసీజీ: క్షయ టీకాలో వాడే బలహీనపరిచిన బ్యాక్టీరియానే మూత్రాశయంలోకి ఎక్కించడం. 1976లో మొదలైన ఈ చికిత్సను ఎక్కువ ముప్పున్న గడ్డల్లో ఇంకా ఏదీ పక్కకు నెట్టలేదు. వారానికొకటి చొప్పున 6 డోసులు, ఆపైన విడతకు మూడేసి చొప్పున 3 ఏళ్ల దాకా. మందును లోపల 2 గంటలు ఆపుకోవాలి. క్యాథెటర్ వేసేటప్పుడు రక్తం కనిపిస్తే ఆ రోజు మందు ఎక్కించకూడదు. అవి బతికున్న బ్యాక్టీరియా; గాయం దొరికితే రక్తంలోకి పోతాయి. ఇంటికెళ్లాక 6 గంటల పాటు కూర్చునే మూత్రం పోయాలి, ప్రతిసారీ బ్లీచ్ పోసి 15 నిమిషాలాగి ఫ్లష్ చేయాలి. మంట, కాస్త వెచ్చబడటం మామూలే. చలితో వణికిస్తూ జ్వరం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. బీసీజీయే రక్తంలో చేరి ఉంటే క్షయ మందులు వాడాల్సి వస్తుంది.

బీసీజీ పనిచేయకపోతే మూత్రాశయం తీసేయడమే ఇప్పటికీ గట్టి మార్గం. అది వద్దనుకునేవారికి, లేదా ఆపరేషన్ తట్టుకోలేనివారికి ఇప్పుడు దారులున్నాయి. జెమ్‌సిటాబిన్, ఆ వెంటనే డోసిటాక్సెల్ అనే కీమో మందులను మూత్రాశయం లోపలికి ఎక్కించడం ఒకటి. 2025లో అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకున్న టార్-200 మరొకటి: మూత్రాశయంలో ఉండి 3 వారాల పాటు జెమ్‌సిటాబిన్‌ను కొద్దికొద్దిగా వదిలే చిన్న సాధనం. లోపొరలో చదునుగా పాకే రకంలో 82 శాతం మందికి జబ్బు పూర్తిగా కనుమరుగైంది. అలా తగ్గినవాళ్లలో ఏడాది దాటి నిలిచింది దాదాపు సగం మందికే. మొదటి అంకె చూసి ఊరుకోవద్దు.

కండరంలోకి పాకితే సిస్‌ప్లాటిన్ అనే మందుతో కీమో, ఆపైన సర్జరీ. దానికి డుర్వాలుమాబ్ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పంపే మందు) జత చేయడం 2025లో ఆమోదం పొందింది. కిడ్నీలు బలహీనంగా ఉంటే సిస్‌ప్లాటిన్ కుదరదు. గడ్డ ఒక్కటే అయి, పూర్తిగా గీకగలిగి, కిడ్నీ ఉబ్బకుండా ఉంటే కీమో, రేడియేషన్ కలిపి మూత్రాశయాన్ని నిలుపుకోవచ్చు.

శరీరంలోని ఇతర భాగాలకు పాకిన దశలోనే అసలైన మార్పు వచ్చింది. కీమో మందును క్యాన్సర్ కణాల దగ్గరికే మోసుకెళ్లే ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్, రోగనిరోధక శక్తిని పురిగొల్పే పెంబ్రోలిజుమాబ్ కలిపి ఇస్తే మధ్యస్థ ఆయుష్షు (సగం మంది దాటిన కాలం) 31.5 నెలలు; పాత కీమోతో 16.1. కానీ ఊరికే రాదు. షుగర్ లేనివారికీ షుగర్ ఒక్కసారిగా పెరగొచ్చు, అందుకే ప్రతి డోసుకీ ముందు చూడాలి. చర్మం ఎర్రబడి పొక్కులొస్తే వెంటనే చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా అని అడిగితే చాలామంది లేదంటారు. చొక్కా గుండీలు పెట్టుకోగలుగుతున్నారా అని అడగండి.