వెంటనే పనిచేసే మాత్రతోనే జాగ్రత్త

సభకు నమస్కారం. బరంపురంలో తెలుగువాళ్ల సభలో మందుల గురించి మాట్లాడతానంటే షుగరు, బీపీ గురించే అనుకుని వచ్చి ఉంటారు. ఈరోజు నేను చెప్పబోయేది పక్కింటివాళ్లకు తెలియకుండా కొనుక్కునే మనసు జబ్బుల మందుల సంగతి. నేను డాక్టరును కాను. మందుల దుకాణం బల్ల వెనక నిలబడి ఇంతకాలం గడిపినవాణ్ణి.

మన గంజాం, గజపతి జిల్లాల్లో ఆందోళన రుగ్మత ఆ పేరుతో రాదు. గుండె దడ అనో, గ్యాస్ అనో, నరాల బలహీనత అనో వస్తుంది. ఈసీజీ తీయిస్తారు, బాగానే ఉంటుంది. బలానికి టానిక్కు కొంటారు. థైరాయిడ్ ఎక్కువైనా దడ, వణుకు వస్తాయి కాబట్టి ఆ పరీక్ష చేయించుకోవడం సబబే. అన్నీ సరిగా ఉండి కూడా భయం వదలకపోతే చూపించుకోవలసింది మానసిక వైద్యుడికి. అందుకు విశాఖ దాకా పోనక్కరలేదు, ఇక్కడి ఎంకేసీజీ ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది.

అక్కడ సాధారణంగా ముందు రాసేవి ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్ వంటివి. సెరటోనిన్ అనే రసాయనం నాడీకణాల మధ్య ఎక్కువసేపు నిలిచేలా చేస్తాయి. వీటితో చిక్కేమిటంటే, గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే మొదలవుతాయి. వికారం, నిద్ర చెదరడం, ఒక్కోసారి ఉన్న కంగారు ఇంకాస్త పెరగడం. సరిగ్గా అప్పుడే మనవాళ్లు "ఈ మందు పడలేదు" అని స్ట్రిప్పు అటక మీద పారేస్తారు. ఇరవై అయిదేళ్ల లోపు పిల్లలకు మొదలుపెడితే తొలి వారాల్లో ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి. చనిపోవాలన్న మాట నోట వస్తే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. నెమ్మదించాక కూడా కనీసం ఆరు నెలలు, తరచుగా ఏడాది దాకా వాడమంటారు. మానేటప్పుడు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

ఇక రెండో రకం. అల్ప్రజోలామ్, క్లోనజెపామ్, లోరజెపామ్ వంటి బెంజోడయజెపిన్లు, అంటే కంగారును అణచి నిద్ర పట్టించే మందులు. ఈ కుటుంబంలో మొదటి మందును లియో స్టెర్న్‌బాక్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టగా 1960లో అమ్మకానికి వచ్చింది. 1963లో డయజెపామ్ వచ్చింది. మింగిన గంటలోపే దడ తగ్గుతుంది. నాకు భయం పుట్టించేది ఆ సుఖమే. ఒక పెద్దాయన తన చీటీ చిరిగిపోతుందని లామినేషన్ చేయించుకుని తెచ్చేవారు. అందులో డాక్టరు రాసింది రాత్రికి పావు మిల్లీగ్రాము, పది రోజులకు. కింద తేదీ సిరా వెలిసిపోయింది. ఆయన వాడుతున్నది రోజుకు నాలుగు మాత్రలు. "మానేద్దామని చూశాను నాయనా, చేతులు వణికిపోయాయి" అన్నారు. చాలాకాలం వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. సారాతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. పెద్దవయసులో పడిపోవడం, తుంటి విరగడం ఉండనే ఉన్నాయి.

2014 నుంచి అల్ప్రజోలామ్, డయజెపామ్ వంటివి హెచ్1 జాబితాలో ఉన్నాయి. చీటీ చూడాలి, రోగి పేరు, డాక్టరు పేరు విడి రిజిస్టరులో రాయాలి, దాన్ని మూడేళ్లు దాచాలి. నేను రిజిస్టరు తీస్తే "మనవాడివే కదా, ఇవ్వవయ్యా" అని విసుక్కున్నవాళ్లు ఈ సభలోనూ ఉన్నారు. మనవాణ్ణే, అందుకే ఇవ్వను.

ప్రొప్రనలోల్ గురించి ఒక్క మాట. వేదికెక్కేముందు చేతుల వణుకు, దడ తగ్గిస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు.

వ్యక్తిత్వ రుగ్మతల దగ్గర మందుల కథ మారిపోతుంది. ఉదాహరణకు బార్డర్‌లైన్ రుగ్మత. ఎవరైనా వదిలేస్తారన్న విపరీతమైన భయం, క్షణంలో ఎగసే కోపం, చేయి కోసుకోవడం. దీనికంటూ ఆమోదం పొందిన మాత్ర ఏదీ లేదు. 2009లో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ కూడా ఈ రుగ్మతకు గానీ, దాని లక్షణాలకు గానీ ప్రత్యేకించి మందులు వాడవద్దనే సూచించింది. తోడుగా కుంగుబాటో, ఆందోళనో ఉంటే వాటికి వాడతారు. గడ్డు సమయంలో కొద్దిరోజులు మరొకటి ఇస్తారు. అసలు చికిత్స మాట్లాడి చేసేది. అమెరికా మనస్తత్వవేత్త మార్షా లినెహన్ రూపొందించిన డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అందులో బాగా పేరున్నది. ఆచరణలో జరిగేదేమిటంటే, ఒక్కో గొడవకు ఒక్కో మాత్ర చేరి చీటీ పొడుగవుతుంది. ఓలంజపిన్ వంటి యాంటీసైకోటిక్ మందులు నెలల తరబడి వాడితే బరువు, షుగరు పెరుగుతాయి. ప్రతిసారీ "వీటిలో ఏది తీసేయవచ్చు?" అని డాక్టరును అడగండి, తప్పేమీ లేదు.

"మా కోడలికి తిక్క, మజ్జిగలో కలిపి ఇవ్వడానికి ఏదైనా ఉందా?" అని అడిగే అత్తగార్లున్నారు. భార్యలకోసం అడిగే మగవాళ్లూ ఉన్నారు. అమ్మా, అయ్యా, లేదు. ఉన్నా ఇవ్వను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనిషికి తెలియజెప్పి, అంగీకారం తీసుకున్నాకే వైద్యం చేయమంటుంది. ఏ మందో తెలియకుండా మింగినవాళ్లు దాని మీదే సారా తాగితే ఎవరిది పూచీ?

డాక్టరుకు ఒడియాలో చెప్పుకోలేకపోతున్నామనేవాళ్లకు టెలి మానస్ అనే ప్రభుత్వ ఫోన్ సాయం ఉంది. నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

సభ ముగిశాక ఇక్కడే కూర్చుంటాను. వాడుతున్న స్ట్రిప్పులు తెచ్చినవాళ్లు చూపించండి, ఏది ఏ రకమో చెబుతాను. మోతాదు మార్చమని మాత్రం నన్ను అడగకండి, అది రాసిన డాక్టరు పని.