డిగ్రీల లెక్క ఎక్కడ మొదలైంది?

శ్రోతలకు నమస్కారం. ఎండ 44 డిగ్రీలకు చేరిందని చెప్పుకునే మనమే, పిల్లవాడికి ఒళ్లు కాలిపోతుంటే జ్వరం 102 ఉందని కంగారుపడతాం. ఎండకు సెల్సియస్ లెక్క, జ్వరానికి ఫారన్‌హీట్ లెక్క అలవాటైపోయాయి. ఈ రెండు లెక్కలూ 18వ శతాబ్దంలో ఐరోపాలో పుట్టినవే.

అంతకు వందేళ్ల ముందే, గెలీలియో కాలంలో, వేడికి గాలి వ్యాకోచించడాన్ని గాజు గొట్టంలోని నీటి మట్టంతో చూపే సాధనం ఇటలీలో ఉండేది. అయితే గొట్టం అడుగున నీరు బయటి గాలికి తెరిచి ఉండటం వల్ల, వాతావరణ పీడనం మారినా ఆ మట్టం మారేది. 1654 ప్రాంతంలో ఫ్లోరెన్స్ పాలకుడు రెండవ ఫెర్డినాండో ఆదరణలో, సారాయి నింపి మూతిని కరిగించి మూసేసిన గొట్టాలు తయారై ఆ ఇబ్బంది తొలగింది. మిగిలిన చిక్కు గీతలది. ఒక ఊరి గొట్టం చూపే 20కీ మరో ఊరి గొట్టం చూపే 20కీ పొంతన ఉండేది కాదు. ఎక్కడైనా ఎవరైనా మళ్లీ రాబట్టగలిగే స్థిరమైన గుర్తులు కావలసి వచ్చాయి.

డాంజిగ్‌లో పుట్టిన ఫారన్‌హీట్ 1708లో కోపెన్‌హేగన్ వెళ్లి, ఖగోళ శాస్త్రజ్ఞుడు రోమర్ తన కొలమానాన్ని గుర్తించే పద్ధతిని కళ్లారా చూశారు. తర్వాత సారాయి బదులు పాదరసం వాడి, 1724లో తన పద్ధతిని ప్రకటించారు: మంచు, నీరు, నవసాగరం కలిపిన మిశ్రమం సున్నా, మంచు కలిపిన నీరు 32, ఆరోగ్యవంతుని నోటిలోనో చంకలోనో ఉండే వేడి 96. ఈ చివరి రెండింటి మధ్య 64 భాగాలున్నాయి. ఆ దూరాన్ని సగం, మళ్లీ సగం చేస్తూ పోతే ఆరో మారుకు సరిగ్గా ఒక డిగ్రీ వస్తుంది. గాజు మీద గీతలు గీసే చేతికి ఇంతకంటే అనువైన సంఖ్య ఉండదని నాకనిపిస్తుంది. తర్వాతి వారు నీరు మరిగే వేడిని 212గా స్థిరపరచి కొలమానాన్ని సవరించడంతో, ఆ 96 కాస్తా మనకు తెలిసిన 98.6 అయింది.

1742లో స్వీడన్‌లోని ఉప్సలలో సెల్సియస్ చేసిన పనిలో నాకు గొప్పగా తోచేది నూరు భాగాలు కాదు, ఆయన పరీక్షించిన తీరు. కరిగే మంచులో ఉంచిన పాదరసం, బయట పీడనం ఎలా ఉన్నా ఒకే గీత దగ్గర నిలిచింది; మరిగే నీటిలో మాత్రం పీడనాన్ని బట్టి ఆ గీత జరిగింది. అందుచేత ఏ పీడనం వద్ద మరిగిన నీటిని లెక్కలోకి తీసుకోవాలో కూడా ఆయన నిర్ణయించారు. కాకపోతే నీరు మరిగే చోట సున్నాను, మంచు కరిగే చోట 100ను పెట్టారు. 1744లో ఆయన మరణించిన తర్వాత, కొద్ది సంవత్సరాలకే, ఆ ఉప్సలలోనే ఈ వరుసను తలకిందులు చేసి, మనం నేడు చదివే క్రమంలోకి తెచ్చారు.