లైట్ వేస్తే ఛానల్ 8 పోతోందా? బూస్టర్ కొనే ముందు ఇది వినండి

నమస్తే అండీ. డాలస్ దగ్గర ఫ్రిస్కో నుంచి ఒకాయన మెసేజ్ పెట్టారు. నెలనెలా కేబుల్ బిల్లు కట్టలేక కనెక్షన్ తీసేసి, అటిక్‌లో, అంటే ఇంటి కప్పుకీ సీలింగ్‌కీ మధ్య ఖాళీలో, యాంటెన్నా పెట్టుకున్నారట. పగలంతా అన్ని ఛానళ్లూ బాగానే వస్తాయి, సాయంత్రం కిచెన్‌లో లైట్లు వేయగానే ఛానల్ 8 ఒక్కటే గళ్లు గళ్లుగా విరిగిపోయి ఆగిపోతుంది, లైట్లు ఆపితే మళ్లీ వచ్చేస్తుంది, ఏ బూస్టర్ కొనమంటారు అని అడిగారు.

ఏ బూస్టరూ కొనకండి. లైట్లు ఆపితే వస్తోంది అని మీరే చెప్పారు కదా, అంటే సిగ్నల్ మీ ఇంటి దాకా వస్తూనే ఉంది. దాన్ని పాడు చేసేది మీ సీలింగ్‌లోనే ఉంది. ఎల్ఈడీ బల్బు.

అయితే ఒక్క 8 మాత్రమే ఎందుకు పోతుంది, మిగతావి ఎందుకు పోవు అనేది ముందు చూద్దాం, ఎందుకంటే దొంగని పట్టుకోవడానికి మొదటి ఆధారం అదే. టీవీలో కనిపించే నంబరు వేరు, గాలిలో వచ్చే అసలు ఛానల్ వేరు. డాలస్‌లో ఫాక్స్ 4, ఎన్‌బీసీ 5, సీబీఎస్ 11 అని చూస్తున్నాం కదా, నంబర్లు చిన్నవే గానీ అవన్నీ ఇప్పుడు యూహెచ్‌ఎఫ్‌లో, అంటే 470 మెగాహెర్ట్జ్ పైన వస్తున్నాయి. ఏబీసీ చూపించే డబ్ల్యూఎఫ్‌ఏఏ మాత్రం 2009లో అనలాగ్ ఆపేసినప్పుడు తన పాత చోటికే, నిజంగానే ఛానల్ 8కి వెళ్లిపోయింది. అది వీహెచ్‌ఎఫ్, 180 నుంచి 186 మెగాహెర్ట్జ్. ఎల్ఈడీ బల్బుల నుంచి వచ్చే రేడియో రొద కింది ఫ్రీక్వెన్సీల్లో ఎక్కువ, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. 180 దగ్గర ఇంకా గట్టిగానే ఉంటుంది, 500 దాటాక చాలా బల్బుల్లో లెక్కలోకి రాదు. అందుకని యూహెచ్‌ఎఫ్ ఛానళ్లు హాయిగా వస్తూ, వీహెచ్‌ఎఫ్‌ది ఒక్కటే పోతుంటే నేను మొదట అనుమానించేది యాంటెన్నానీ టీవీనీ కాదు, ఇంట్లో కరెంటు మీద నడిచే వస్తువుల్ని. ఆ ఒక్కటే కదా పోయింది అని ఊరుకుందామంటే ఎన్‌బీఏ ఫైనల్స్ వచ్చేది ఏబీసీలోనే. 2024లో డాలస్ బాస్కెట్‌బాల్ టీమ్ మావెరిక్స్ ఫైనల్స్ ఆడారు, అలాంటప్పుడు మ్యాచ్ అయ్యేదాకా కిచెన్‌లో చీకట్లో వంట చేయమని ఇంట్లోవాళ్లకి చెప్పలేం కదండీ!

సరే, బల్బు లోపల ఏం జరుగుతుంది? ఎల్ఈడీకి కావాల్సింది డీసీ. గోడలోంచి వచ్చేది 120 వోల్టుల ఏసీ. ఈ రెండింటి మధ్య బల్బు మెడ దగ్గర ఒక చిన్న సర్క్యూట్ ఉంటుంది, దాన్ని డ్రైవర్ అంటారు. అది కరెంటుని సెకనుకి వేలసార్లు, కొన్నిట్లో లక్షలసార్లు ఆన్ ఆఫ్ చేస్తుంది. ఆ స్విచింగ్ ఎంత చురుగ్గా జరిగితే కరెంటు అంత తక్కువ వృథా అవుతుంది, కానీ అంత చురుగ్గా ఆన్ ఆఫ్ చేస్తే దాని రొద అసలు ఫ్రీక్వెన్సీ దగ్గరే ఆగదు, పదుల, వందల మెగాహెర్ట్జ్ దాకా పాకుతుంది. దాన్ని అక్కడికక్కడే ఆపడానికి చిన్న కాయిల్, కెపాసిటర్ లాంటివి పెట్టాలి. చవక బల్బులో ఖర్చు తగ్గించడానికి మొదట తీసేసేది వాటినే, ఎందుకంటే అవి లేకపోయినా బల్బు బ్రహ్మాండంగా వెలుగుతుంది, కొన్నవాడికి తేడా తెలియదు.

ఇంకో సంగతి, బల్బు చిన్నది, అది ఒక్కటే అయితే అంత దూరం పంపలేదు. దానికి తగిలించిన వైరు ఉంది చూశారూ, అది యాంటెన్నా అయి కూర్చుంటుంది. ఛానల్ 8 తరంగం పొడవు సుమారు 1.6 మీటర్లు, అందులో పావు వంతు అంటే 41 సెంటీమీటర్లు. అంతకంటే పొడవైన వైర్లు మన సీలింగ్‌లో ఎన్ని లేవు? పైగా ఫ్రిస్కో, ప్లేనో వైపు కొత్త ఇళ్లలో కిచెన్ నిండా సీలింగ్‌లో దింపిన గుండ్రటి లైట్లే, వాటి వైర్లన్నీ వెళ్లేది అటిక్‌లోంచే, ఈయన యాంటెన్నా పెట్టింది కూడా ఆ అటిక్‌లోనే. సిగ్నల్ పంపే టవర్లేమో డాలస్‌కి దక్షిణంగా సీడర్ హిల్‌లో ఉన్నాయి, ఫ్రిస్కోకి దాదాపు 40 మైళ్లు. రొద పుట్టేది యాంటెన్నాకి నాలుగైదు అడుగుల దూరంలో!

మన చిన్నప్పుడు దూరదర్శన్ రోజుల్లో అమ్మ మిక్సీ వేస్తే టీవీలో అడ్డంగా చుక్కలూ గీతలూ వచ్చేవి గుర్తుందా? అప్పుడు అనలాగ్ కాబట్టి రొద కళ్లకి కనిపించేది, గీతల మధ్య నుంచే సినిమా చూసేవాళ్లం. డిజిటల్‌లో ఆ సౌకర్యం లేదు. అమెరికాలో వాడే పద్ధతికి సిగ్నల్ రొద కంటే సుమారు 15 డెసిబెల్స్ పైన ఉంటే బొమ్మ పూర్తిగా వస్తుంది, అంతకంటే తగ్గితే మొత్తం పోతుంది. లైట్లు ఆపినప్పుడు 19 ఉండి, వేసినప్పుడు 14కి పడిపోయిందనుకోండి, మీకు కనిపించేది ఇంతసేపూ బంగారంలా ఉన్న ఛానల్ ఒక్కసారిగా చచ్చిపోవడమే. అంచు దగ్గర ఉన్నామని ముందు ఎవరూ చెప్పరు.

ఇక్కడ చాలామంది అడిగేది, బల్బు డబ్బా మీద ఎఫ్‌సీసీ (రేడియో, టీవీ తరంగాల మీద రూల్స్ పెట్టే అమెరికా ప్రభుత్వ సంస్థ) రూల్స్‌కి లోబడి ఉంది అని రాసి ఉంది కదా అని. నిజమే, రాసి ఉంటుంది. కానీ ఆ రూల్‌లో ఎంత ఉందో చూడండి. ఇళ్లలో వాడే వస్తువుకి 88 నుంచి 216 మెగాహెర్ట్జ్ మధ్య మూడు మీటర్ల దూరంలో మీటరుకి 150 మైక్రోవోల్టుల దాకా అనుమతి. అదే ఎఫ్‌సీసీ, ఛానల్ 8 లాంటి హై వీహెచ్‌ఎఫ్ డిజిటల్ స్టేషన్ కవరేజ్ అంచుని లెక్కగట్టేది మీటరుకి సుమారు 63 మైక్రోవోల్టుల దగ్గర, అది కూడా ఇంటి పైన 30 అడుగుల ఎత్తులో. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టుకోండి. అన్ని రూల్సూ పాటించిన బల్బు కూడా, దూరంగా ఉన్న ఇంట్లో, స్టేషన్ సిగ్నల్ కంటే గట్టిగా అరవొచ్చు, చట్టం దానికి ఒప్పుకుంటుంది. నా ఉద్దేశంలో ఈ లిమిట్ టీవీ చూసేవాడిని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. ఆ రూల్స్‌లోనే ఇంకో మాట ఉంది, లిమిట్‌లోపు ఉన్నా సరే హానికరమైన అంతరాయం కలిగించకూడదు, ఎఫ్‌సీసీ చెప్తే వాడటం ఆపేయాలి అని. అది మీ సొంత బల్బు అయినప్పుడు ఆపాల్సింది మీరే అనుకోండి.

ఇప్పుడు పట్టుకునే పద్ధతి. టీవీ సెట్టింగ్స్‌లో సిగ్నల్ పేజీ ఉంటుంది, అక్కడ స్ట్రెంత్ అని ఒకటి, క్వాలిటీ అనో ఎస్ఎన్ఆర్ (సిగ్నల్ రొద కంటే ఎంత పైన ఉందో చెప్పేది) అనో ఇంకోటి ఉంటాయి. చూడాల్సింది రెండోది. లైట్లు వేసినా స్ట్రెంత్ కదలకపోవచ్చు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా, ఎందుకంటే ట్యూనర్‌కి రొద కూడా బలంగానే కనిపిస్తుంది. స్ట్రెంత్ ఫుల్‌గా ఉంది అయినా రావట్లేదు అని తల పట్టుకునేవాళ్లందరికీ జరిగేది ఇదే. మీ టీవీలో ఆ పేజీ లేకపోతే యాంటెన్నా ఛానళ్లని ఇంటి నెట్‌వర్క్ మీదికి పంపే హెచ్‌డీ హోమ్‌రన్ లాంటి నెట్‌వర్క్ ట్యూనర్లలో స్ట్రెంత్, క్వాలిటీ విడివిడిగా కనిపిస్తాయి, ఫోన్ చేతిలో పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ చూడొచ్చు.

ఛానల్ 8 పెట్టి, ఇంట్లో లైట్లన్నీ ఆపేయండి. అన్నీ అంటే అన్నీ, క్లోజెట్‌లోది, గరాజ్‌లోది, క్యాబినెట్ల కింద అంటించిన ఎల్ఈడీ స్ట్రిప్పు, పూజ గదిలో ప్లగ్‌కి పెట్టి ఏడాదంతా వదిలేసిన సీరియల్ లైట్ల తోరణం, అన్నీ. క్వాలిటీ ఎంతుందో రాసుకుని ఒక్కొక్కటే వేస్తూ రండి. సాధారణంగా ఒకటో రెండో దొరుకుతాయి, మిగతావాటి వల్ల పెద్ద తేడా ఉండదు. డిమ్మర్ ఉన్న లైట్లని మాత్రం ఫుల్‌లో ఒకసారి, సగానికి తగ్గించి ఒకసారి చూడాలి, ఎందుకంటే మామూలు డిమ్మర్ కరెంటుని మధ్యలో కోసి పంపుతుంది, ఫుల్‌లో మర్యాదగా ఉన్న బల్బు సగంలో గోల చేసే అవకాశం ఉంది. స్మార్ట్ బల్బులు ఫోన్‌లో ఆపితే ఆగినట్టు కాదు, లోపల సర్క్యూట్ నడుస్తూనే ఉంటుంది, గోడ స్విచ్చే ఆపాలి. లైట్లన్నీ ఆపినా తేడా లేకపోతే బ్రేకర్ ప్యానెల్ దగ్గరికి వెళ్లి టీవీ ఉన్న బ్రేకర్ వదిలేసి మిగతావి ఒక్కొక్కటే దించి చూడండి. ఫోన్ చార్జర్లు, ల్యాప్‌టాప్ అడాప్టర్లలో కూడా ఉండేది ఇలాంటి సర్క్యూటే.

ఈ పని చేస్తుండగా పొరపాటున కూడా రీస్కాన్ నొక్కకండి. లైట్లు వెలుగుతున్నప్పుడు స్కాన్ చేస్తే టీవీకి 8 దొరకదు, లిస్టులోంచే తీసేస్తుంది, అప్పుడు ఉన్న తలనొప్పికి ఇంకోటి తోడవుతుంది.

బ్యాటరీ రేడియో ఉంటే ఇంకా సులువు. ఎఫ్ఎం‌లో స్టేషన్ లేని చోట పెట్టి బల్బుల దగ్గరికి తీసుకెళ్తే ఏది రొద చేస్తుందో వినిపిస్తుంది. ఏఎం‌లో కూడా వినిపిస్తుంది, కానీ ఏఎం‌లో గొణిగే ప్రతి బల్బూ 180 మెగాహెర్ట్జ్ దగ్గర తప్పు చేస్తుందని చెప్పలేం, ఎఫ్ఎం టీవీ బ్యాండ్‌కి దగ్గర కాబట్టి దాన్నే ఎక్కువ నమ్ముతాను. ఇంకో గుర్తు గరాజ్ తలుపు. ఆ రిమోట్లు చాలావరకు 315 లేదా 390 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. ఓపెనర్‌లో ఎల్ఈడీ బల్బు పెట్టాక కారు డ్రైవ్‌వేలోకి వచ్చేదాకా రిమోట్ పనిచేయట్లేదంటే ఆ బల్బు వీహెచ్‌ఎఫ్‌ని దాటి కూడా అరుస్తోందన్నమాట.

దొరికిందా? బల్బు మార్చడమే అన్నిటికంటే చవక. మార్చే ముందు ఒక పరీక్ష చేయొచ్చు. పాత ఫిలమెంట్ బల్బులు 2023 ఆగస్టు నుంచి అమెరికా షాపుల్లో దాదాపు కనిపించడం లేదు, కానీ ఓవెన్‌లో పెట్టే బల్బులకి మినహాయింపు ఉంది, ఇప్పటికీ దొరుకుతాయి, వాటిలో డ్రైవరూ గీవరూ ఏమీ ఉండదు. మామూలు సైజు హోల్డర్‌కి సరిపోయేది ఒకటి తెచ్చి అనుమానం ఉన్న చోట పెట్టండి, ఛానల్ నిలబడితే కేసు తేలిపోయినట్టే. తర్వాత ఎల్ఈడీ కొనేటప్పుడు డజను ప్యాక్ తీసుకోవద్దు, ఒక్కటి కొని అదే హోల్డర్‌లో, అదే డిమ్మర్ మీద చూసి, బాగుంటే అప్పుడు మిగతావి కొనండి. మంచి బ్రాండ్లలో ఫిల్టర్ పెట్టే అవకాశం ఎక్కువే గానీ బ్రాండు పేరు చూసి గ్యారంటీ ఇవ్వలేను, రసీదు దాచుకోండి.

సీలింగ్‌లో దింపిన లైట్లలో డ్రైవర్ విడిగా డబ్బాలో వస్తుంది, మొత్తం ఫిక్స్చర్ మార్చాలంటే ఖర్చు. అక్కడ యాంటెన్నా జరపడం మేలు. అటిక్‌లో కిచెన్ పైనుంచి తీసి, లైట్లు తక్కువ ఉన్న బెడ్‌రూమ్ పైకి పది పదిహేను అడుగులు జరిపినా తేడా తెలుస్తుంది, బయట ఇంటి కప్పు మీదికి తీసుకెళ్లగలిగితే ఇంకా మంచిది, సిగ్నలూ పెరుగుతుంది, రొదా తగ్గుతుంది. ఫెరైట్ క్లిప్పులు కూడా పనికొస్తాయి, వైరు చుట్టూ నొక్కి పెట్టే నల్లటి గుండ్రటి ముక్కలు. ఈ ఫ్రీక్వెన్సీకి 31 లేదా 43 రకం అడగండి, రకం రాయకుండా అమ్మే సంచుల జోలికి పోవద్దు. డ్రైవర్‌కి వీలైనంత దగ్గరగా పెట్టాలి, బ్రేకర్ ఆపకుండా ఆ వైర్లు ముట్టుకోవద్దు. స్ట్రిప్పు లైట్లకైతే అడాప్టర్ వైరుకి రెండు మూడు చుట్లు తిప్పి పెడితే బాగా పనిచేస్తుంది.

ఇంట్లోపల కిటికీకి అంటించే కాగితం లాంటి యాంటెన్నా వాడేవాళ్లకి ఒక మాట. అవి ఎక్కువగా యూహెచ్‌ఎఫ్‌కి చేసినవి, వీహెచ్‌ఎఫ్‌ని అంతంతమాత్రంగా పడతాయి, పైగా పెట్టేది లైట్ల మధ్యలోనే. వాటికంటే పాతకాలపు రెండు చెవుల యాంటెన్నా నయం, 8 కోసం ఒక్కో చెవిని పూర్తిగా లాగకుండా 15 అంగుళాల దగ్గర ఆపండి. డబ్బు తక్కువ, ఫలితం ఎక్కువ.

బూస్టర్ సంగతి ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. యాంటెన్నాకి సిగ్నల్, రొద రెండూ కలిసే అందుతాయి, బూస్టర్ రెండింటినీ అంతే పెంచి పంపుతుంది, తేడా మాత్రం అంతే ఉంటుంది. పొడవైన కేబుల్‌లో పోయేదాన్ని పూడ్చడానికి అది మంచి వస్తువే, దీనికి మందు కాదు. టెక్సాస్ ఎండాకాలంలో అటిక్ వేడికి ఆ బూస్టర్ ఎన్నాళ్లు బతుకుతుందనేది ఇంకో టెన్షన్.

ఇండియా నుంచి చూసేవాళ్లు మాకూ ఇంతేనా అంటారేమో. డీటీహెచ్‌కి ఈ బెడద దాదాపు లేనట్టే, డిష్ నుంచి కేబుల్‌లో దిగేది 950 మెగాహెర్ట్జ్ పైన, బల్బుల రొద అక్కడిదాకా ఎక్కడం అరుదు. దెబ్బ తినేది రేడియో. హైదరాబాద్ 738, విజయవాడ 837 కిలోహెర్ట్జ్ మీద మీడియం వేవ్ వినే పెద్దవాళ్లు ఈమధ్య గరగరమంటోందని అంటుంటే సెట్టు పాతదైందని పారేయకండి, దాని పక్కన కొత్తగా పెట్టిన ఎల్ఈడీ ట్యూబ్ ఆపి చూడండి.

చివరగా, అన్ని లైట్లూ ఆపాక కూడా 8 రాకపోతే, బ్రేకర్లు దించినా రాకపోతే, పక్కింటి వైపు చూడాల్సిందే, ముఖ్యంగా డిసెంబర్‌లో ఇంటి చూరంతా లైట్లు కట్టినప్పుడు. వాళ్ల లైట్లు వెలిగే టైమూ, మీ క్వాలిటీ పడిపోయే టైమూ నాలుగు రోజులు రాసుకుని, అప్పుడు వెళ్లి ఒక్క నిమిషం ఆపి చూపించమని అడగండి. ఎఫ్‌సీసీకి ఫిర్యాదు పెట్టే దారి ఉంది గానీ, పక్కింటివాళ్ల మీదికి అంతదూరం వెళ్లే ముందు మంచి లైట్ల సెట్టు ఒకటి మీరే కొనిచ్చినా తప్పులేదు.