హైదరాబాద్ వదిలి వైజాగ్ వచ్చేస్తే నెలకి ఎంత మిగులుద్ది? సముద్రం ఖర్చు కూడా లెక్కేద్దాం

అందరికీ నమస్తే అండి. వైజాగ్ వచ్చేద్దాం అనుకుంటున్నాం, ఖర్చు తగ్గుద్దా అని చాలామంది అడుగుతున్నారు. తగ్గుద్ది, మాకు తగ్గింది, కాకపోతే మీరు ఇల్లు ఎక్కడ తీసుకున్నారన్న దాన్నిబట్టే తగ్గుద్ది.

(బీచ్ రోడ్, పొద్దున్న ఆరింటి షాట్)

కొత్తగా వచ్చినవాళ్ళు ముందు చూసేది ఇదే, ఆర్కే బీచ్, లాసన్స్ బే, బాల్కనీలోంచి సముద్రం కనపడాలి. ఆశ తప్పు కాదు గానీ ఆ అద్దెలు కడితే ఇంక మిగిలేదేం ఉండదు. మేం కొండాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్‌కి 28 వేలు కట్టేవాళ్ళం, ఇప్పుడు మధురవాడ లోపలికి అంతే ఇల్లు 15 వేలు. అలాగని ఆఫీసు గాజువాకలో పెట్టుకుని మధురవాడలో దిగొద్దండి, ఒకపక్క సముద్రం ఇంకోపక్క కొండలు ఉండటంతో ఊరు పొడుగ్గా సాగిపోయింది, రోజూ రెండు పూటలా మధ్యలో ఉన్న ఎన్ఏడీ జంక్షన్ దాటి తిరిగితే అద్దెలో మిగిలింది పెట్రోలుకే పోద్ది.

ఇప్పుడు ఉప్పుగాలి సంగతి. బీచ్ దగ్గర మా ఫ్రెండ్ వాళ్ళింట్లో ఏసీ బయట బాక్స్ ఉంటుంది కదా, దాని కాయిల్ మూడేళ్ళకే పోయింది, కిటికీ గ్రిల్స్‌కి ఏటా రంగు వేయించినా తుప్పు ఆగట్లేదు. కొన్నిచోట్ల బోరు నీళ్ళు కూడా ఉప్పగానే వస్తాయి, అందుకే టూలెట్ బోర్డు చూసి వెళ్ళినప్పుడు కుళాయి తిప్పి ఒక గుక్క నోట్లో పోసుకుని ఊసేయండి, మున్సిపాలిటీ నీళ్ళు ఎన్నింటికి వస్తాయో ఓనర్‌ని కాదు, పక్కింటివాళ్ళని అడగండి.

కరెంట్ బిల్లు మాకు పెరిగింది, ఇది నిజం. ఎండ హైదరాబాద్ అంత ఉండదు గానీ ఉక్కపోత, మే నెలలో ఫ్యాన్ కింద కూర్చున్నా చొక్కా తడిసిపోద్ది, రాత్రంతా ఏసీ తిరగాల్సిందే. నెలకి 225 యూనిట్లు దాటితే ఆ పైన పడే ప్రతి యూనిట్‌కీ రేటు గట్టిగా ఎక్కుద్ది.

కూరగాయలకి ఎంవీపీ, సీతమ్మధార రైతు బజార్లు ఉన్నాయి, పొద్దున్నే వెళ్ళండి. చేపలకైతే ఫిషింగ్ హార్బర్, నెత్తళ్ళు కొనుక్కుంటే ఇల్లు గడిచిపోద్ది, వంజరం కావాలంటే జేబు చూసుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం, గుడ్లు పెట్టే సీజన్ కదా, ఆ రెండు నెలలూ రేట్లు పైనే ఉంటాయి.

ఉద్యోగం ఇక్కడే వెతుక్కోవాలనుకునేవాళ్ళు మాత్రం ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే కదలండి ప్లీజ్. గూగుల్ డేటా సెంటర్ గురించి 2025 అక్టోబర్‌లో ప్రకటన రాగానే సామాను సర్దేద్దామన్నవాళ్ళు నాకు ఫోన్ చేశారు, డేటా సెంటర్ కట్టాక అందులో మనుషులకంటే మెషీన్లే ఎక్కువ ఉంటాయండి. వర్క్ ఫ్రం హోమ్‌లో హైదరాబాద్ జీతమే వస్తుంటే మాత్రం ధైర్యంగా రండి.

వచ్చేముందు ఒక్కసారి మే నెలలో వచ్చి వారం ఉండండి, డిసెంబర్‌లో వస్తే అన్ని ఇళ్ళూ బాగానే ఉంటాయి.