సలహా చెప్పేవారు ఏ పని చేసి వచ్చారు?

అందరికీ నమస్కారం.

స్వచ్ఛంద సంస్థలకు సలహాలిచ్చే ఈ పనిలోకి నేను ఆడిటింగ్ నుంచి వచ్చాను. తొలి రోజుల్లో ఒక సంస్థ లెక్కలు చూసి, ప్రయాణ ఖర్చులు మరీ ఎక్కువయ్యాయి, సగానికి తగ్గించండి అని రాసిచ్చాను. అక్కడి కార్యకర్త ఒకామె వోచర్ల కట్ట తెచ్చి నా ముందు పెట్టారు. ప్రతి వోచర్ వెనక పెన్సిల్‌తో ఒక పేరు ఉంది. ఆ రోజు ఇంటికి వెళ్లి చూసొచ్చిన రోగి పేరు. "ఇళ్లకు వెళ్లడమే కదండీ మా పని" అన్నారామె. నా కూడికలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ సంస్థ ఏం చేస్తుందో మాత్రం నేను తెలుసుకోలేదు.

అప్పటి నుంచి తోటి కన్సల్టెంట్లను గమనిస్తున్నాను. ఎవరు ఏ వృత్తిలో ఆరితేరితే వారి కన్ను ముందు అటే పోతుంది. లాయరు సంస్థ నియమావళి అడుగుతారు. మార్కెటింగ్ చేసినవారు దాతలకు రాసే ఉత్తరం చూపించమంటారు. పరిశోధన చేసినవారు "మార్పు వచ్చిందని మీకెలా తెలుసు?" అంటూ మొదలుపెడతారు.

వ్యాపార సంస్థలకు సలహాలిచ్చే మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్ కంపెనీల నుంచి వచ్చేవారూ ఉన్నారు. అలాంటి కంపెనీయే అయిన బెయిన్ అండ్ కంపెనీ అండతో 2000లో మొదలై, స్వచ్ఛంద సంస్థలకు సలహాలిచ్చే బ్రిడ్జ్‌స్పాన్ గ్రూప్ ఇందుకు పేరున్న ఉదాహరణ. ఆ కంపెనీల్లో నేర్చిన వ్యూహరచన మనకూ పనికొస్తుంది, కాదనను. కానీ వ్యాపారంలో సరుకు వాడుకునేవారే డబ్బు కడతారు, నచ్చకపోతే మానేస్తారు. మన దగ్గర సేవ పొందేది ఒకరు, డబ్బిచ్చేది మరొకరు. సేవ నాసిగా ఉన్నా విరాళాలు వస్తూనే ఉండొచ్చు, ఎంత బాగున్నా ఆగిపోవచ్చు.

బ్యాంకు నిల్వ చూసి "బాగానే ఉన్నారుగా" అంటారు కొత్తవారు. అందులో చాలా భాగం ఫలానా పనికే వాడాలన్న షరతుతో వచ్చింది కావచ్చు. బడి కట్టమని దాత ఇచ్చిన సొమ్ములోంచి గుమాస్తా జీతం తీయకూడదు. ఖాతా నిండుగా ఉండగానే నెలాఖరున జీతాలకు తడుముకోవడం అంటే ఏమిటో లోపల పనిచేసినవారికి ఒకరు చెప్పక్కర్లేదు.

అందుకే సంస్థ లోపల నలిగినవారి మాటకు నేను ఎక్కువ విలువిస్తాను. ఫ్రాన్సెస్ హెసెల్‌బీన్ గుర్తొస్తారు. పెన్సిల్వేనియాలో ఒక బాలికల దళానికి వాలంటీరుగా మొదలై, 1976లో అమెరికా గర్ల్ స్కౌట్స్ సంస్థకే సారథి అయ్యారు. 1990లో ఆ పదవి వదిలి, మేనేజ్‌మెంట్ గురువుగా పేరొందిన పీటర్ డ్రక్కర్ పేరిట స్వచ్ఛంద సంస్థల నిర్వహణ కోసం ఏర్పడిన ఫౌండేషన్‌ను నడిపారు. అయితే అనుభవంతోనూ ఒక చిక్కుంది. తమ పాత సంస్థ పద్ధతే అన్నిచోట్లా నడుస్తుందనుకుంటారు కొందరు. నలుగురే పనిచేసే చోట ఆరు కమిటీలు వేయమన్నవారిని చూశాను.

నిధుల సేకరణకు సలహాదారును పెట్టుకునేటప్పుడు ఇంకో మాట. తెచ్చినదాంట్లో ఇంత శాతం ఇవ్వమంటే ఒప్పుకోకండి. నిధుల సేకరణే వృత్తిగా ఉన్నవారి సంఘం అసోసియేషన్ ఆఫ్ ఫండ్‌రైజింగ్ ప్రొఫెషనల్స్ నైతిక నియమావళి ఆ పద్ధతిని ఒప్పుకోదు. దాతతో మాట్లాడే మనిషి మనసు తన వాటా మీద ఉంటే ఆ దాత మీ గడప మళ్లీ తొక్కరు.

రెజ్యూమే చదివాక, వారు ఇంతకుముందు సలహా ఇచ్చిన సంస్థకు ఫోన్ చేయండి. డైరెక్టరుతో పాటు గుమాస్తాతోనూ మాట్లాడండి. ఆ సలహాదారు ఇచ్చిన నివేదికలో రాసినవాటిలో ఇవాళ ఏది అమల్లో ఉందో అడగండి.