జీడి మరక

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ అధ్యక్షులవారు చెప్పారు, మళ్లీ చెప్పను. నన్ను క్రమశిక్షణ గురించి మాట్లాడమన్నారు. నేను ఒక్క కుర్రాడి గురించే చెబుతాను.

మధురవాడలో ఇప్పుడు అందరూ గజాల లెక్కే మాట్లాడుతున్నారు. నేను ఇక్కడి బళ్లో మాస్టారుగా చేరినప్పుడు ఇటంతా జీడితోటలు. 2005 ఏప్రిల్‌లో పీఎం పాలెం స్టేడియంలో మొదటి వన్డే జరిగింది. పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టాడు. ఆ కుర్రాడు అప్పుడు తొమ్మిదో తరగతి. టికెట్ లేదు. గోడ బయట నిలబడి అరుపులు విని, మర్నాడు క్లాసులో మ్యాచంతా చెప్పాడు!

వాళ్ల మామ్మ జీడిపిక్కలు కొట్టేది. ఆవిడ వేళ్లు నేను చూశాను. జీడి అంటుకుని చర్మం నల్లబడి, పొరలు లేచిపోయేది. ఎంత తోమినా ఆ మరక పోదు. సాయంత్రం అరుగు మీద కూర్చుని వాడే కొబ్బరినూనె రాసేవాడు, ఒళ్లో పుస్తకం పెట్టుకుని.

పదో తరగతికొచ్చేసరికి వాళ్ల తోట అమ్ముడుపోయింది. బైకు వచ్చింది, కొత్త స్నేహితులొచ్చారు. ఓ మధ్యాహ్నం మామ్మ క్యారేజీ తెచ్చింది. స్నేహితులు పక్కనే ఉన్నారు. "మామ్మా, చేతులు కొంగులో పెట్టుకో" అన్నాడు. ఆవిడ క్యారేజీ మోచేతికి తగిలించుకుని, చేతులు కొంగులో దాచుకుంది.

డబ్బు చెడగొట్టిందని ఊరంతా అన్నారు. డబ్బు వాళ్ల నాన్న బ్యాంకులో ఉంది. వాడి చుట్టూ ఉన్నది మనమండీ! నిన్నటిదాకా "ఒరేయ్" అన్న కొట్టువాడు "బాబూ, కూర్చో" అని స్టూలు వేశాడు. పుట్టినరోజుకి కూడలిలో ఫ్లెక్సీ కట్టారు. మేము బడి సైకిల్ షెడ్డుకి వాళ్ల నాన్నను చందా అడిగాం, పంద్రాగస్టుకి వాడికి వేదిక మీద కుర్చీ వేశాం. పదిహేనేళ్ల గుంటడికి! మామ్మ గేటు దగ్గర నిలబడి చూసింది. పరీక్షలకు వాడు రాలేదు. హాల్ టికెట్ నా సొరుగులోనే ఉండిపోయింది.

ఇప్పుడు ఆనందపురం వైపు డేటా సెంటర్ అంటున్నారు, అటు భోగాపురం విమానాశ్రయం. మళ్లీ బయానాలు చేతులు మారుతున్నాయి. ఈ హాల్లోనే బయానా తీసుకున్న తండ్రులున్నారు, నాకు తెలుసు. అయ్యా, మీ పిల్లల్ని "ఒరేయ్" అని పిలిచే మనుషుల్ని ఇంటికి దూరం చేయకండి. మాస్టార్లూ, మీరు తిట్టడం మానకండి.

ఆ క్యారేజీ రోజున ఆవిడ వరండాలోకి వచ్చి నన్నడిగింది. "మాస్టారూ, మావోడికి ఓ దెబ్బెయ్యండి బాబూ."

"పోనీలెండమ్మా, చిన్నపిల్లాడు" అన్నాను. అప్పటికి షెడ్డుకి రేకులు ఇంకా రాలేదు.